సంచుల దగ్గర మనిషి

ఏ కుటుంబం ఊరు కదిలినా సంచుల దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఎవరూ ఎన్నుకోరు, నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగరు. బస్సు దిగాక అందరూ అటూ ఇటూ చూస్తూ నిలబడతారు. ఒక్కొక్కరే చేతిలో ఉన్నది కింద పెట్టి, ఇప్పుడే వస్తానని పక్కకి వెళ్తారు. తీరా చూస్తే ఆ సామాను మధ్య ఒక్కరే మిగిలి ఉంటారు. వాళ్ళింట్లో అలా మిగిలేది కాజాలక్క.

దర్జీ కొట్టు వెనక గదిలో కాజాలు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కొట్టు ముందు భాగం మాస్టారిది. మెడలో టేపు వేసుకుని, అద్దం ముందు నిలబడ్డ వాళ్ళతో నవ్వుతూ కబుర్లు చెప్తూ కొలతలు తీసుకోవడం ఆయన పని. మధ్యలో కుట్టు మిషన్లు. చిట్టచివర, ఇస్త్రీ బల్లకీ గోడకీ మధ్య మిగిలిన సందులో, పొట్టి స్టూలు మీద కాజాలక్క. చొక్కా అయినా కోటయినా ఆఖరికి ఆమె ఒళ్ళోకి రావాల్సిందే. గుండీ పట్టేంత చీలిక కోసి, దాని అంచు వెంట దారంతో ముడి పక్కనే ముడి వేసుకుంటూ పోవాలి. మిషను మీద కూడా చేయొచ్చు గానీ మాస్టారు ఒప్పుకోడు. "మిషను కాజా నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుందండీ. మా అక్క కాజా, బట్ట చిరిగిపోయినా అది మాత్రం ఉంటుంది" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్తాడు. ఆ పొగడ్త అక్క చెవిన పడుతూనే ఉంటుంది. దానితో పాటు ఇంకో నాలుగు చొక్కాలు కూడా ఒళ్ళో పడుతుంటాయి.

ఆమె పెళ్ళి గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ తమ్ముడి పెళ్ళి చేసేశారు. ఇప్పుడు తమ్ముడూ, మరదలూ, కాలేజీ చదువుల్లో ఉన్న మేనకోడలూ, ఆమే, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి పోసి కడుపు చల్లబరుచుకోవచ్చు. వీళ్ళు అక్కకి జ్వరం వస్తే మంచం పక్క నుంచి లేవరు. జ్వరం తగ్గిన మర్నాడే ఆమె ఇంట్లో ఉందన్న సంగతి మరిచిపోతారు.

తులిప్ పూల తోట సంగతి ఆమెకి చెప్పింది ఒక టీచరమ్మ. కోటు గుండీ ఊడిందని వచ్చి, కుట్టేదాకా పక్కనే నిలబడి, ఊసుపోక మొదలుపెట్టింది. "వసంతంలో కొన్నాళ్ళే ఉంటుందండీ ఆ ఉత్సవం. కొండ వాలంతా ఎర్రటి పూలే. కింద నిలబడి చూస్తే ఆ ఎరుపు ఎక్కడ ఆగుతుందో కంటికి ఆనదు" అంది. కాజాలక్క సూది ఆపి ఆమె మొహంలోకి చూసింది. అంతకు ముందు వారమే కళ్ళ డాక్టరు దగ్గర చీవాట్లు తిని ఉంది. పని మధ్యలో తలెత్తి కాస్త దూరం చూస్తుండమ్మా అన్నాడాయన. దూరం అంటే ఆమెకి ఇస్త్రీ బల్ల. మహా అయితే దాని వెనకున్న గోడ. ఇన్నేళ్ళూ ఆమె కళ్ళు మోచేతి దూరం దాటి పోలేదు. కంటికి ఆనని రంగు అనే మాట ఆమె మనసులో తిష్ఠ వేసుకుంది. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ కొండ కింద నిలబడి తలెత్తి చూడాలనుకుంది. ఆమె కోరిక అంతే.

ఇంట్లో చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "పూలు చూడటానికి అంత దూరం పోవాలా అక్కా? వీధి చివర పూల కొట్టుంది, పోయి చూసిరా" అని తమ్ముడు పకపకా నవ్వాడు. మరదలు "బస్సంటే నాకు కడుపులో తిప్పుతుంది వదినా" అంది. మేనకోడలు అసలు ఫోనులోంచి తలే ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆ పిల్ల స్నేహితురాలెవరో ఆ తోటకి వెళ్ళి ఫొటోలు పెట్టింది. ఆ సాయంత్రమే పిల్ల పరుగున వచ్చి "నాన్నా! నాకొక ఐడియా వచ్చింది" అంది. తమ్ముడు కూతురి తెలివికి మురిసిపోయాడు. మరదలికి కడుపులో తిప్పడం తగ్గిపోయింది. ఆలోచన ఎవరిదైతేనేం, వెళ్తున్నాం కదా అని కాజాలక్క నోరు మూసుకుంది. తమ్ముడికి సెలవు దొరికేసరికి ఉత్సవం ఆఖరి రోజు వచ్చింది. ఆ మర్నాటి నుంచి మొక్కలు పీకి దుంపలు తవ్వేస్తారు, మళ్ళీ వసంతం దాకా తోటకి తాళమే.

పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణానికి మరదలు ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు సర్దింది. చలేస్తే స్వెట్టర్లు, వానొస్తే గొడుగులు, వాన వెలిశాక తుడుచుకోవడానికి తువ్వాళ్ళు. టీ ఫ్లాస్కులు, బ్రెడ్డు, మందుల సంచి. ఫొటోల కోసం మేనకోడలి బట్టలకి విడిగా ఒక పెట్టె. బస్సులో వాటిలో సగం కాజాలక్క కాళ్ళ దగ్గర, మిగతా సగం ఆమె ఒళ్ళో ప్రయాణం చేశాయి. దారి మధ్యలో బస్సు టైరు పంక్చరై, అది మార్చేదాకా రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డారు. ఆమెకి అప్పుడే ఎందుకో భయం పట్టుకుంది, ఈ పొద్దు ఇలాగే జారిపోతుందేమోనని.

తోట గేటు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. తమ్ముడు తోసుకుంటూ వెళ్ళి నలుగురికీ టికెట్లు తెచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తీరా లోపలికి పోబోతే గేటు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సంచులు లోపలికి వద్దు సార్. తినే వస్తువులు అసలే వద్దు. పక్కన సామాన్ల గదిలో పెట్టి రండి."

సామాన్ల గదిలో పైకప్పు దాకా పెట్టెలే. అక్కడున్న మనిషి వీళ్ళ సామాను చూసి, చోటు లేదంటూ తలుపు మూసేసుకున్నాడు. తమ్ముడు బతిమాలాడు, మరదలు గొంతు పెంచింది, ఏమీ లాభం లేకపోయింది. నలుగురూ మళ్ళీ ప్రహరీ గోడ పక్కకొచ్చి నిలబడ్డారు. ముగ్గురూ సంచుల వంక చూశారు. తర్వాత కాజాలక్క వంక చూశారు.

"నేనూ వస్తానురా" అంది కాజాలక్క, ఎవరూ ఏమీ అనకముందే.

"నువ్వు రాకుండా ఎలా ఉంటావక్కా? తప్పకుండా వద్దువు గాని. మేం అలా వెళ్ళి ఇలా వచ్చేస్తాం, ఆ తర్వాత నువ్వు తీరిగ్గా చూడు. తొందరపెట్టే వాళ్ళు కూడా ఉండరు" అని తమ్ముడు ఆమెకేదో మేలు చేస్తున్నట్టు భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆమె టికెట్టు కూడా అతని జేబులోనే వెళ్ళిపోయింది.

గోడ వారగా ఒక సిమెంటు బెంచీ ఉంది. దాని మీద కూర్చుంది. గోడ రెండు నిలువుల ఎత్తు. ఎంత మెడ చాచినా లోపలిది ఒక్క రేకు కనబడదు. లోపలి నుంచి బయటికి వస్తున్న వాళ్ళ మొహాలు మాత్రం కనబడతాయి. ఒక్కొక్కరి మొహం చేటంత అయి ఉంది. వాళ్ళని చూస్తుంటే ఆమెకి ఒళ్ళు మండింది. పాపం, వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

కాసేపటికి, మళ్ళీ లోపలికి రానివ్వడానికి గేటు దగ్గర ముద్ర వేసిన చెయ్యి ఊపుకుంటూ మేనకోడలు వచ్చింది. "అత్తా, అదిరిపోయిందనుకో!" అంటూ పెట్టె తెరిచి, నీలం గౌను తీసుకుని, పక్కనున్న స్నానాల గదిలోకి పోయి మార్చుకుని వచ్చి, విప్పిన బట్టలు అత్త ఒళ్ళో పడేసింది.

"మీ నాన్నని రమ్మనవే, నేను వెళ్తాను."

"చెప్తా అత్తా, చెప్తా" అని పరుగెత్తింది. చెప్పిందో లేదో ఆ తోటలోని పూలకే తెలియాలి.

తర్వాత మరదలు కుంటుకుంటూ వచ్చి బెంచీ మీద కూలబడింది. ఫ్లాస్కు తీసి టీ తాగింది. "వదినా, మీరు రాకపోవడమే మంచిదైంది. ఆ కొండ ఎక్కడం మీ మోకాళ్ళ వల్ల కాదు" అంది. ఆ మాట అంటూనే తన ఎత్తు మడమల చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాజాలక్క కాళ్ళ దగ్గరున్న చదును చెప్పులు తొడుక్కుంది. "ఇవి కరుస్తున్నాయి వదినా. మీరెలాగూ కూర్చునే ఉంటారుగా." కాజాలక్క నోరు తెరిచేలోపే గేటు దాటేసింది. కాజాలక్క ఆ మడమల చెప్పుల వంక గుడ్లప్పగించి చూసింది.

తమ్ముడికి ఫోను చేసింది. వెనక పాటల హోరు.

"ఆ అక్కా, బయల్దేరాం, బయల్దేరాం. ఇదిగో వచ్చేస్తున్నాం" అన్నాడు. ఆ వెంటనే ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే "ఇటు తిరుగు, ఇటు, వెనక ఫౌంటెను కూడా పడాలి" అని ఎవరితోనో అన్నాడు.

బెంచీకి అటు చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన చుట్టూ వీళ్ళకంటే ఎక్కువ సామాను. సంచుల పట్టీలన్నీ ఒకదాన్లోంచి ఒకటి దూర్చి, ఆఖరి పట్టీని తన చీలమండకి చుట్టుకున్నాడు. ఎవరైనా ఒక సంచి లాగితే ఆయన కాలు కూడా వెంట పోవాల్సిందే. కాజాలక్క ఆ ముడుల వంక చూడటం ఆయన గమనించాడు.

"బ్యాంకు గేటు దగ్గర కాపలా పని చేసి రిటైరయ్యానమ్మా. అలవాటు" అన్నాడు.

"మీ వాళ్ళు లోపలున్నారా బాబాయి గారూ?"

"కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, వియ్యాలవారు కూడా. ఏటా వస్తాం. నేనుంటే వాళ్ళకి నిశ్చింత."

"ఏటా వస్తారా! అయితే మీరు బాగా చూసుంటారు. లోపల ఎలా ఉంటుంది?"

పెద్దాయన కాస్త ఆలోచించాడు. "పూలుంటాయట" అన్నాడు. తర్వాత ఆమెని ఓదార్చాలనుకున్నాడో ఏమో, "ఇంటికెళ్ళాక ఫోన్లో చూపిస్తారులే" అని కూడా కలిపాడు.

ఆయన మొహంలో దిగులు లేదు, కోపం లేదు. హాయిగా ఉన్నాడు. కాజాలక్క గుండె గుభేలుమంది అందుకే. ఏడ్చేవాడైతే ఇద్దరూ కలిసి ఏడ్చి ఉండేవారు. ఈయన్ని ఇంకో నాలుగేళ్ళు కూర్చోబెట్టినా ఇలాగే కూర్చుంటాడు. తను కూడా ఇంకొన్నాళ్ళకి ఇలాగే అయిపోతుంది. ఎవరైనా అడిగితే పూలుంటాయట అని చెప్తుంది, పైగా అందులో తనకేం లోటు లేదనుకుంటుంది. ఆ ఆలోచనకి ఆమెకి ఆ బెంచీ మీద ఒక్క క్షణం కూడా కూర్చోబుద్ధి కాలేదు.

అంతలో మైకులో చెప్పారు. కాసేపట్లో టికెట్ల కిటికీ మూసేస్తున్నారు, లోపలికి వెళ్ళాల్సిన వాళ్ళు వెంటనే వెళ్ళాలి, రేపటి నుంచి తోట ఉండదు. కాజాలక్క లేచి నిలబడింది. గేటు వంక చూసింది. బయటికొచ్చే గుంపులో తన వాళ్ళ మొహాలు లేవు. కూర్చుంది. మళ్ళీ లేచింది. సంచులు వదిలి వెళ్తే ఏమవుతుందోనని భయం, వెళ్ళకపోతే ఏమవుతుందో తెలిసిపోయిన దిగులు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబాయి గారూ, మా సంచులు కూడా చూస్తారా?"

పెద్దాయన ఆమె వంక కాకుండా సంచుల వంక చూశాడు. ఒక్కొక్క జిప్పూ లాగి చూశాడు. నోరు తెరిచి ఉన్న మందుల సంచిని బిగించి కట్టాడు. వాటి పట్టీలని కూడా తన వరసలోకి దూర్చి, "ఇవన్నీ నీవేనా? నువ్వే నాకు అప్పగిస్తున్నావా?" అని అడిగాడు, బ్యాంకులో అడిగినట్టే.

"నేనే బాబాయి గారూ."

"అయితే వెళ్ళమ్మా. మనుషులు ఆలస్యం చేస్తారు గానీ గేటు చేయదు."

మడమల చెప్పులు తొడుక్కుని పరుగులాంటి నడక నడిచింది. టికెట్టు తమ్ముడి జేబులో ఉందని చెప్తే గేటు మనిషి ససేమిరా అన్నాడు. సగం మూసిన కిటికీ దగ్గరికి పోయి, కమ్మీల్లోంచి చెయ్యి దూర్చి, ఇంకో టికెట్టు సంపాదించుకునేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

లోపల ముందు కనబడ్డవి పూలు కావు, వీపులు. దారి పొడుగునా జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఒకరిని తప్పించుకుంటే ఇంకొకరు. ఎవరో "అమ్మా, మా ఫొటోలో పడుతున్నారు, పక్కకి జరగండి" అని విసుక్కున్నారు. జరిగింది. ఇంకొకరు ఇంకో పక్కకి జరగమన్నారు. కొండ ఎటు అని అడిగితే చేతులతో చూపించారు. ఆ మలుపు తిరిగితే కొండ వాలు కనబడుతుందనగా, ఎదురుగా ముగ్గురూ వస్తున్నారు. తమ్ముడు, మరదలు, నీలం గౌనులో మేనకోడలు.

వాళ్ళని చూడగానే ఆమెకి నిజంగా సంతోషం వేసింది. అంత కోపంలోనూ నవ్వుతూ చెయ్యి ఊపింది.

"అక్కా! సంచులో?" అన్నాడు తమ్ముడు.

"పక్కన ఒక పెద్దాయన ఉన్నాడురా, ఆయనకి..."

"ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పగించి వచ్చేశావా? నీకు మతి గానీ పోయిందా!"

"అయ్యో, నా కొత్త స్వెట్టరు!" అంది మరదలు.

"అత్తా, నా పెట్టె కూడానా? రా, త్వరగా రా!" అని మేనకోడలు చెయ్యి పట్టుకుని లాగింది.

కాజాలక్క చెయ్యి విడిపించుకుంది. "నేనింకా చూడలేదే" అంది. ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ లేరు. మరదలు ఆమె చెప్పుల్లోనే, ఏ కుంటూ లేకుండా, అందరికంటే ముందు పరుగెత్తుతోంది.

ముగ్గురూ గేటు వైపు పోయాక ఆమె దారి మధ్యలో నిలబడిపోయింది. వచ్చావా అని ఒక్కరూ అనలేదు. ఎలా వచ్చావని గానీ, ఇటు చూడు ఎంత బాగుందో అని గానీ అనలేదు. ముగ్గురు మనుషుల నోళ్ళలోంచి వచ్చిన మొదటి మాట సంచులు. అన్నాళ్ళూ మరిచిపోయి అలా చేస్తున్నారనుకుంది. మరిచిపోవడం కూడా కాదని, ఆమెని చూస్తే వాళ్ళకి కనబడేదే అదని ఇప్పుడర్థమైంది. మడమల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో మలుపు తిరిగింది.

కొండ ఉంది. ఎరుపు కూడా ఉంది. టీచరమ్మ చెప్పినంత లేదు. ఆఖరి రోజు కదా, కింది మళ్ళలో సగం పూలు రేకులు రాల్చేసి వట్టి కాడలతో నిలబడి ఉన్నాయి. రాలిన రేకుల మీద జనం నడిచిన ముద్రలు. పక్కనెవరో "మొన్న రావాల్సింది, మొన్నయితే కళ్ళు చెదిరేవి" అంటున్నారు. కాజాలక్కకి ఏడుపొచ్చింది. పూలని చూసి వచ్చిన ఏడుపు కాదది. మొన్న కూడా తను ఇస్త్రీ బల్ల వెనకే ఉంది, ఎవరి చొక్కాకో కాజాలు కుడుతూ. ఇవాళ కూడా పొద్దంతా ఒక గోడ వెనకే ఉంది. కళ్ళు తుడుచుకుని పైకి చూసింది. పై మళ్ళు ఇంకా చెక్కుచెదరలేదు. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా పూశాయి కాబోలు. కింది నుంచి చూస్తే ఒక గీతలా కనబడుతున్నాయి, ఆ వెనక ఏముందో తెలియడం లేదు. అటు మెట్ల దారి పోతోంది. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా ఎక్కడం మొదలుపెట్టింది.

సగం దూరంలో ఉండగా ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, ఎక్కడున్నావ్? ఈ ముసలాయన మన సంచులు ఇవ్వనంటున్నాడు!"

"ఎందుకివ్వడు?"

"ఎవరు అప్పగించారో వాళ్ళ చేతికే ఇస్తాడట. పట్టీలన్నీ కాలికి కట్టుకు కూర్చున్నాడు, లాగబోతే విజిల్ వేశాడు. జనమంతా మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తున్నారు."

"నువ్వెవరో చెప్పలేదా?"

"చెప్పాను! తమ్ముణ్ణని చెప్పాను. తమ్ముడివైతే ఆమెని పొద్దుట్నుంచీ ఇక్కడెందుకు కూర్చోబెడతావని అడుగుతున్నాడు నన్ను!" తమ్ముడి గొంతులో ఉక్రోషం. "బస్సు టైమవుతోంది. నువ్వు గబగబా వచ్చెయ్. లేకపోతే ఆయనకి నువ్వే చెప్పు, మావేనని."

"ఫోను ఆయనకివ్వు."

కాస్త గలాభా వినబడింది. మరదలు ఏదో అంటోంది. తర్వాత పెద్దాయన గొంతు, తొణకకుండా.

"అమ్మా, ఎవరో ముగ్గురొచ్చారు. మీ వాళ్ళేనా?"

కాజాలక్క మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంది. కింద గేటు దగ్గర జనం చీమల్లా కదులుతున్నారు. పైన ఇంకా చాలా మెట్లున్నాయి.

"మా వాళ్ళే బాబాయి గారూ."

"అయితే ఇచ్చెయ్యమంటావా?"

"ఇవ్వకండి" అంది కాజాలక్క. "నేను తోట చూసి వస్తాను. అప్పటిదాకా వాళ్ళని అక్కడే కూర్చోమనండి."

ఫోను పెట్టేసి పై మెట్టు ఎక్కింది.